బండి కుదుపులకు రీమ్యాప్ ఒక్కటే దారా?

పేరు ప్రచురించవద్దని కోరుతూ హనుమకొండ నుంచి ఒక పాఠకుడు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆయన 2022లో సుమారు నాలుగు వందల సీసీల, ఒకే సిలిండర్ ఉన్న, బీఎస్-6 కాలుష్య ప్రమాణాలకు తయారైన మోటార్‌సైకిల్ కొన్నారు. ఇప్పటికి అది పంతొమ్మిది వేల కిలోమీటర్లు తిరిగింది; పొడిగించుకున్న వారంటీ ఇంకా ఎనిమిది నెలలు ఉంది. ఊళ్లో రెండో గేరులో పాతిక, ముప్పై కిలోమీటర్ల వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ మూసి మళ్లీ తెరిచిన ప్రతిసారీ వెనక నుంచి ఎవరో నెట్టినట్టు బండి కుదుపుతోందని, నాలుగో గేరులో నలభై దగ్గర నిలకడగా పట్టుకుంటే లాగి వదిలినట్టు నడుస్తోందని, పోయిన వేసవిలో ఇంజిన్ బాగా వేడెక్కాక సిగ్నళ్ల దగ్గర కొన్నిసార్లు ఆగిపోయిందని ఆయన రాశారు. షోరూములో అడిగితే "ఈ మోడల్ అన్నీ ఇలాగే ఉంటాయి సార్" అన్నారట. వెనక కూర్చునే భార్యకు నడుము నొప్పి మొదలైంది. బండి అమ్మేయమని, లేదంటే తాను బస్సులో వెళ్తానని ఆమె తేల్చి చెప్పారు. ఇదిలా ఉండగా, అదే మోడల్ బండి ఉన్న ఆయన బావమరిది హైదరాబాద్‌లో ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే చిన్న కంప్యూటర్) రీమ్యాప్ చేయించుకుని, సైలెన్సర్ కూడా మార్పించుకుని, తన బండి వెన్నలా నడుస్తోందని చెబుతున్నాడు. అంతటితో ఆగక, బావగారి పుట్టినరోజు కానుకగా అదే ట్యూనర్‌కు ఐదు వేల రూపాయలు అడ్వాన్సు కట్టేశాడు. మొత్తం ఖర్చు పద్దెనిమిది వేలు. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా తీసేస్తేనే పూర్తి ఫలితం కనిపిస్తుందని ట్యూనర్ ఫోనులో చెప్పాడట. వారంటీ పోతుందేమో, చట్టం ఒప్పుకోదేమో అని ఒకవైపు భయం. వద్దంటే బావమరిది నొచ్చుకుంటాడేమో అని మరోవైపు మొహమాటం. చేయించుకోవాలో వద్దో ఒక్క మాటలో చెప్పమని ఆయన అడిగారు.

ఒక్క మాటలో తేలే విషయమైతే మీరు ఇన్ని పేజీలు రాయవలసి వచ్చేది కాదు. అయితే ఆ పేజీలు వృథా పోలేదు. చాలామంది "బండి సరిగా నడవడం లేదు" అని ఊరుకునే చోట, మీరు ఏ గేరులో, ఏ వేగం దగ్గర, యాక్సిలరేటర్ ఏ స్థితిలో ఉండగా ఇబ్బంది వస్తోందో విడివిడిగా రాశారు. మీరు చెప్పిన మూడు లక్షణాలకూ మూలం ఒకటే కానవసరం లేదు. రీమ్యాప్ మొదటి లక్షణానికి చాలావరకు పనికొస్తుంది, రెండోదానికి కొంతవరకే పనికొస్తుంది, మూడోదానికి దాదాపు పనికిరాదు. ఈ తేడా గమనించకుండా పద్దెనిమిది వేలు పెడితే, డబ్బు ఖర్చయ్యాక కూడా మీ ఇంట్లో ఇదే వాదన కొనసాగుతుంది.

ఈసీయూలో ప్రధానంగా ఉండేది అంకెల పట్టిక. ఒకవైపు ఇంజిన్ వేగం, మరోవైపు యాక్సిలరేటర్ ఎంత తెరుచుకుందో లేదా గాలి లోపలికి వెళ్లే గొట్టంలో పీడనం ఎంత ఉందో ఉంటుంది. ఆ రెండూ కలిసే గడిలో ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరిచి ఉండాలో రాసి ఉంటుంది. స్పార్క్ ఎప్పుడు పడాలో చెప్పే పట్టిక వేరే ఉంటుంది. ఈ అంకెలను దిద్ది తిరిగి ఎక్కించడమే రీమ్యాప్. అయితే బండి తక్కువ లోడుతో నిలకడగా వెళ్తున్నప్పుడు ఈసీయూ ఆ పట్టికనే నమ్ముకుని కూర్చోదు. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ ఇచ్చే సంకేతాన్ని బట్టి గాలి, పెట్రోలు నిష్పత్తిని ఎప్పటికప్పుడు అటూ ఇటూ సవరిస్తూ ఉంటుంది. శుద్ధమైన పెట్రోలుకు ఆ నిష్పత్తి బరువులో 14.7కు 1. కార్బన్ మోనాక్సైడ్, మండని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు, ఈ మూడింటినీ క్యాటలిటిక్ కన్వర్టర్ ఒకేసారి శుభ్రం చేయగలిగేది ఆ నిష్పత్తి చుట్టూ ఉన్న ఇరుకైన హద్దులోనే. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 అమలైన తర్వాత ఆ హద్దు దాటే వెసులుబాటు కంపెనీలకు బాగా తగ్గిపోయింది. ఇంజినేమో తక్కువ వేగంలో నునుపుగా నడవడానికి అంతకంటే కొద్దిగా ఎక్కువ పెట్రోలు కోరుకుంటుంది. కనుక షోరూము వారి మాటలో సగం నిజం ఉంది. "అన్నీ ఇలాగే ఉంటాయి" అన్నది కొంత ఒప్పుకోవచ్చు. అందుకని విప్పి చూడనవసరం లేదనుకోవడం మాత్రం ఒప్పుకోదగినది కాదు.

మొదటి కుదుపు సంగతి చూద్దాం. నడుస్తున్న బండిలో యాక్సిలరేటర్ పూర్తిగా మూసినప్పుడు ఈసీయూ పెట్రోలును ఆపేస్తుంది. మళ్లీ తెరవగానే ఒక్కసారిగా అందిస్తుంది. అప్పటిదాకా చక్రం ఇంజిన్‌ను లాగుతుండగా, ఆ క్షణం నుంచి ఇంజిన్ చక్రాన్ని లాగడం మొదలుపెడుతుంది. ఈ మార్పు జరిగేటప్పుడు చైనులో ఉన్న వదులు, వెనక హబ్బులోని రబ్బర్ల అరుగుదల, యాక్సిలరేటర్ కేబుల్‌లో ఉన్న ఖాళీ కదలిక, అన్నీ కలిసి ఒకే దెబ్బగా మీ భార్య నడుముకు చేరతాయి. పెట్రోలు ఆగి మళ్లీ మొదలయ్యే తీరును మంచి ట్యూనర్ మెత్తబరచగలడు, అందులో సందేహం లేదు. కానీ పంతొమ్మిది వేల కిలోమీటర్లు తిరిగిన చైను ఒకచోట బిగుతుగా, మరోచోట వదులుగా సాగి ఉంటే ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని సరిచేయలేదు. బండిని స్టాండు మీద నిలిపి, వెనక చక్రాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ నాలుగైదు చోట్ల చైను వదులు కొలిపించండి. మాన్యువల్‌లో ఇచ్చిన కొలతకు ఒకచోట సరిపోయి మరోచోట సరిపోకపోతే చైను, అది తిరిగే పళ్ల చక్రాలు (స్ప్రాకెట్లు) కలిసిన సెట్టు మార్చవలసిందే. హబ్బు రబ్బర్లు చవక వస్తువులు; అరిగాయో లేదో చక్రం విప్పినప్పుడు చూడడానికి అదనపు శ్రమ కూడా ఉండదు.

మీ బండికి యాక్సిలరేటర్ కేబుల్ ఉందో, పూర్తిగా ఎలక్ట్రానిక్ పద్ధతిలో పనిచేస్తుందో మీరు రాయలేదు. ఎలక్ట్రానిక్ పద్ధతి ఉండి, రెయిన్ మోడ్ వంటి సదుపాయం కూడా ఉంటే, ఒక పూట ఆ మోడ్‌లో ఊళ్లో తిరిగి చూడండి. ఆ మోడ్‌లో సాధారణంగా చేతి తిప్పుకు ఇంజిన్ స్పందన మెత్తగా ఉంటుంది. కుదుపు స్పష్టంగా తగ్గితే, అది మ్యాపుకు సంబంధించినదని పైసా ఖర్చు లేకుండా తెలుస్తుంది. అసలేమీ తగ్గకపోతే అనుమానం చైను వైపు మరింత బలపడుతుంది.

ఇక నాలుగో గేరులో నలభై. ఇక్కడ కొంత తప్పు గేరుది కూడా. ఒకే సిలిండర్ ఉన్న ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకు ఒక్కసారి మాత్రమే మండుతుంది. 3,000 ఆర్‌పీఎం దగ్గర అంటే సెకనుకు 25 సార్లే. అంతకు దిగితే ఒక్కో మంటకూ మధ్య ఉన్న ఖాళీ చేతికి, సీటుకు తెలిసిపోతుంది. అదే నలభై వేగాన్ని మూడో గేరులో పట్టుకుని చూడండి. లాగి వదిలే గుణం పోతే మీకు కావలసింది రీమ్యాప్ కాదు, ఒక గేరు తగ్గించే అలవాటు. ఊళ్లోనే ఎక్కువగా తిరిగేవారు కొందరు ముందు స్ప్రాకెట్‌లో ఒక పన్ను తగ్గించుకుంటారు. 15 పళ్లకు బదులు 14 వేస్తే గేరింగ్ సుమారు 7 శాతం తగ్గి బండి తక్కువ వేగంలో తేలికపడుతుంది. దానికి ప్రతిఫలంగా హైవే మీద ఇంజిన్ ఎక్కువ తిరుగుతుంది, మైలేజీ కొంత తగ్గుతుంది, స్పీడు సెన్సర్ ఎక్కడుందన్న దాన్ని బట్టి కొన్ని బండ్లలో స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది. ఇది కూడా కంపెనీ ఇచ్చిన అమరికను మార్చడమే కనుక వారంటీలో ఉండగా అడగకుండా చేయకండి.

మూడో గేరులోనూ ఆ గుణం పోకపోతే మిశ్రమం లీన్‌గా, అంటే గాలికి తగినంత పెట్రోలు లేకుండా ఉందని అనుమానించవచ్చు. ఇక్కడ పెట్రోలు సంగతి వస్తుంది. 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ-20కి సరైన నిష్పత్తి సుమారు 13.5కు 1, అంటే శుద్ధమైన పెట్రోలుతో పోలిస్తే అదే గాలికి దాదాపు 9 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. ప్రభుత్వ ప్రణాళికలో ఈ-20ని తట్టుకునే విడిభాగాలతో బండ్లు రావలసింది 2023 ఏప్రిల్ నుంచి. మీది అంతకు ముందుది. ఆక్సిజన్ సెన్సర్ పనిచేసే పరిధిలో ఈసీయూ ఈ లోటును చాలావరకు తానే పూడ్చుకుంటుంది. ఎంత పూడ్చుకుంటోందో సర్వీస్ సెంటర్‌లోని స్కానర్‌లో కనిపిస్తుంది. దాన్ని ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. ఆ అంకె ఎప్పుడూ బాగా ఎక్కువగానే ఉంటే, పెట్రోలు స్వభావం కాకుండా ఇన్‌టేక్ రబ్బరు దగ్గర గాలి లీకు, మూసుకుపోతున్న ఇంజెక్టర్, తగ్గిన ఫ్యూయల్ పంపు పీడనం వంటివి కూడా కారణం కావచ్చు. వీటిలో ఏది ఉన్నా దాని మీద రీమ్యాప్ చేయించుకోవడమంటే లోపాన్ని పట్టికలో దాచిపెట్టడమే.

సిగ్నళ్ల దగ్గర ఆగిపోవడం పూర్తిగా మెకానిక్ పని. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే త్రాటిల్ బాడీలో పేరుకున్న కార్బన్, బిగిసిన వాల్వ్ క్లియరెన్స్ (వాల్వు దగ్గర ఉండవలసిన సన్నని ఖాళీ), పాతబడిన స్పార్క్ ప్లగ్, ధూళి పట్టిన ఎయిర్ ఫిల్టర్, ఈ క్రమంలో చూపించండి. వాల్వ్ క్లియరెన్స్ చూడాలంటే చాలా బండ్లలో ట్యాంకు విప్పాలి, సమయం పడుతుంది, అందుకే అడిగితే తప్ప చాలాచోట్ల దాని జోలికి పోరు. మాన్యువల్‌లో అది ఏ కిలోమీటర్ల దగ్గర ఉందో చూసుకుని, పేజీ చూపించి మరీ అడగండి. ఐడ్లింగ్‌లో, అంటే బండి నిలబడి ఇంజిన్ మాత్రం తిరుగుతున్నప్పుడు, పెట్రోలు పెంచేసి బండి ఆగకుండా చేసే ట్యూనర్లు ఉన్నారు. పొల్యూషన్ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్‌ను కొలిచేది ఐడ్లింగ్‌లోనే అన్న సంగతి వారు చెప్పరు.

ఇప్పుడు మీ బావమరిది మాట్లాడిన ట్యూనర్ దగ్గరికి వద్దాం. మీరు అడుగుతున్నది నునుపు. ఈ మార్కెట్లో ఎక్కువమంది అమ్ముతున్నది శక్తి. రెండూ ఒకే ఫైలులో వస్తాయని ప్రకటనల్లో ఉంటుంది గానీ, పట్టికలో అవి ఉండే చోట్లు వేరు. శక్తి ఉండేది యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచిన గడుల్లో. మీ భార్య నడుము ఉన్నది రెండు నుంచి పదిహేను శాతం తెరిచిన గడుల్లో. బరువైన డ్రమ్మును బండి తిప్పుకుంటూ పోయే రకం డైనో (ఇంజిన్ శక్తిని కొలిచే యంత్రం) మీద పూర్తి యాక్సిలరేటర్ పరుగులు తీసి, రెండు గ్రాఫులు పక్కపక్కన పెట్టి ఐదారు హార్స్‌పవర్ పెరిగిందని చూపించడం తేలిక. తక్కువ తెరుపులో ఒక్కో గడి దగ్గర బండిని నిలిపి సరిచేయాలంటే బ్రేకు వేసి పట్టుకోగల డైనో కావాలి, లేదా గాలి, పెట్రోలు నిష్పత్తిని కచ్చితంగా కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ బిగించి రోడ్డు మీద ఓపికగా అంకెలు నమోదు చేయాలి. ఇదేదీ లేకుండా లాప్‌టాప్‌లో ఉన్న ఫైలు అరగంటలో ఎక్కించి పంపడం ఎవరి కొలతలతోనో కుట్టిన చొక్కా తొడిగించడం వంటిది; అదృష్టం బాగుంటే సరిపోతుంది. "స్టేజ్ వన్", "స్టేజ్ టూ" అన్న పేర్లకు నిర్ణీతమైన అర్థమేదీ లేదు, ఎవరి స్టేజీ వారిదే.

అందుకని ఫోను చేసి అడగండి: నా బండి మీదే కొలిచి చేస్తారా, తక్కువ తెరుపులో గాలి, పెట్రోలు నిష్పత్తి గ్రాఫు ఇస్తారా, అసలు ఫైలును ముందుగా చదివి నాకు ఒక కాపీ ఇస్తారా, ఆక్సిజన్ సెన్సర్‌ను పనిచేయనిస్తారా? చివరి ప్రశ్నకు వచ్చే జవాబును జాగ్రత్తగా వినండి. సెన్సర్‌ను పనిచేయనిస్తే, నిలకడగా వెళ్లేటప్పుడు పట్టికలో పెంచిన పెట్రోలును ఈసీయూ మళ్లీ తగ్గించేస్తుంది. అందుకే చాలామంది దాన్ని సాఫ్ట్‌వేరులో ఆపేస్తారు. ఆపేస్తే నునుపు వస్తుంది గానీ, రేపు బంకులో ఇథనాల్ శాతం మారినా, ఎండాకాలం, వానాకాలం గాలి మారినా సవరించుకునే కన్ను బండికి ఉండదు. సెన్సర్‌ను ఉంచి దాని లక్ష్యాన్ని కొద్దిగా రిచ్ (పెట్రోలు ఎక్కువ) వైపు జరపడం, పెట్రోలు కోత తీరును మెత్తబరచడం, తక్కువ వేగంలో స్పార్క్ సమయాన్ని దిద్దడం వంటి మధ్యేమార్గాలు తెలిసిన ట్యూనర్ అయితే ఆయనతో మాట్లాడవచ్చు. సెన్సర్ సంకేతాన్ని మధ్యలో మార్చే పిగ్గీబ్యాక్ పెట్టెలకు ఒక సౌలభ్యం ఉంది, విప్పి పక్కన పెట్టేయవచ్చు. కానీ వాటికీ ఇదే చిక్కు వర్తిస్తుంది.

క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయమన్న సలహా విషయంలో మాత్రం నేను ఎంపికలు ఇవ్వదలచుకోలేదు. అది తీసేస్తే మీ కుదుపు తగ్గదు, శబ్దం పెరుగుతుంది, బండి పొగ శుభ్రపడడం ఆగిపోతుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో చేరిన సెక్షన్ 182ఏ(4) ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాల ఉల్లంఘనకు సెక్షన్ 190(2) వేరే ఉంది. ఈసీయూలోని ఫైలును రోడ్డు మీద ఆపి ఎవరూ చదవరు, నిజమే. కానీ కాలుష్య ప్రమాణాలు మార్చే రీమ్యాప్ చట్టసమ్మతమని ఎవరైనా చెబితే నమ్మకండి. ప్రమాదం జరిగినప్పుడు, ముఖ్యంగా ఇంజిన్‌కు సంబంధించిన క్లెయిములో, చెప్పకుండా చేయించిన మార్పును బీమా కంపెనీ ప్రశ్నించే అవకాశం కూడా ఉంది.

వారంటీ విషయంలో మీ భయం సరైనదే. అసలు ఫైలు తిరిగి ఎక్కించినా, ఎన్నిసార్లు ఫ్లాష్ చేశారన్న (ఫైలు ఎక్కించారన్న) లెక్క కొన్ని ఈసీయూల్లో మిగిలిపోతుంది. పైగా సర్వీస్ సెంటర్ వారు ఏదైనా అప్‌డేట్ ఎక్కిస్తే మీరు డబ్బు పెట్టి చేయించుకున్నది చెరిగిపోతుంది. కనుక ఈ ఎనిమిది నెలలను మీకు అనుకూలంగా వాడుకునే దారి ఒకటుంది. మూడు లక్షణాలనూ నాకు రాసినట్టే కాగితం మీద రాసి, జాబ్‌కార్డులో ఎక్కించి, బండి వేడిగా ఉన్నప్పుడు టెక్నీషియన్‌ను మీ వెనక కూర్చోబెట్టుకుని తిప్పి చూపించండి. మీ మోడల్‌కు కంపెనీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఏదైనా వచ్చిందేమో అడగండి. కొన్ని కంపెనీలు తక్కువ వేగం నడకను సరిచేసే అప్‌డేట్లు చడీచప్పుడు లేకుండా విడుదల చేస్తుంటాయి, అడగకపోతే ఎక్కించకపోవచ్చు. ఆ కేంద్రం వారు పట్టించుకోకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కు జాబ్‌కార్డు నకలుతో ఈమెయిల్ చేయండి. ఇదంతా అయ్యాక కూడా రెండో గేరు కుదుపు మిగిలితే, వారంటీ ముగిసిన తర్వాత, పైన చెప్పిన ప్రశ్నలకు నిలబడిన ట్యూనర్ దగ్గర, కన్వర్టర్‌ను తాకకుండా చేయించుకోవచ్చా అని అప్పుడు ఆలోచించండి. చట్టపరమైన చిక్కు అప్పటికీ ఉంటుంది. ఇప్పుడే చేయించుకుంటే దానికి తోడు వారంటీ ఉన్న ఇంజిన్‌ను వారంటీ లేని ఇంజిన్‌గా మార్చుకున్నట్టవుతుంది. ఆ మూల్యం పద్దెనిమిది వేలలో కలవలేదు.

మీ బావమరిది విషయంలో మీరు ఒక సంగతి గమనించారో లేదో. కానుక ఇచ్చింది తమ్ముడు, నడుము నొప్పి పడుతున్నది అక్క. ఒక ఆదివారం ఆయన్ను పిలిచి, ఆమెను ముందు మీ బండి వెనక, తర్వాత ఆయన బండి వెనక కూర్చోబెట్టి, కాజీపేట దాకా ఒకే దారిలో ఒకే వేగంతో వెళ్లి రండి. రెండుసార్లూ మీరే నడపండి. కుదుపు నడిపేవాడికంటే వెనక కూర్చున్నవారికే బాగా తెలుస్తుంది కనుక తీర్పు ఆమెను చెప్పనివ్వండి. ఆయన బండి నిజంగానే మెత్తగా ఉందని ఆమె అంటే, రీమ్యాప్ వల్లా, కొత్త చైను వల్లా అన్నది అప్పుడు కూర్చుని మాట్లాడుకోవచ్చు. తేడా లేదంటే అడ్వాన్సు సంగతి ఆయనే ఎత్తుతాడు. ఏది తేలినా, కానుకను తిరస్కరించినట్టు కాకుండా, "వారంటీ అయ్యేదాకా ఆగుదాం, ఆ డబ్బుతో ముందు చైను సెట్టు వేయిద్దాం" అంటే ఆయన నొచ్చుకోవడానికి కారణం కనిపించదు. అడ్వాన్సు వెనక్కి రాకపోయినా, ఐదు వేలు పోతాయని మిగతా పదమూడు వేలు పెట్టవలసిన అవసరం మాత్రం లేదు.

నడుము నొప్పి గురించి ఇంకొకటి. వెనక షాక్ అబ్సార్బర్ ప్రీలోడ్ (స్ప్రింగును ముందుగా బిగించే అమరిక) ఒక్కరే నడిపేటప్పటి అమరికలో ఉండిపోతే, ఇద్దరు ఎక్కగానే అది కుంగిపోయి, ప్రతి గుంతకూ కింద తాకుతుంది. ప్రీలోడ్‌ను ఇద్దరికి తగినట్టు పెంచి, టైర్ల గాలిని మాన్యువల్‌లో వెనక మనిషితో వెళ్లేటప్పటికి ఇచ్చిన అంకెకు పట్టించండి. నొప్పిలో ఎంత భాగం ఇంజిన్‌ది, ఎంత భాగం సస్పెన్షన్‌ది అన్నది వారం రోజుల్లో తెలిసిపోతుంది. నొప్పి తగ్గకపోతే మెకానిక్‌ను కాక ఎముకల డాక్టరును కలవాలి.

అమ్మేయడం గురించి: ఇవన్నీ చేసినా ఆమెకు ఆ బండి పడకపోతే, ఒకే సిలిండర్ ఉన్న పెద్ద ఇంజిన్ స్వభావమే ఆమెకు సరిపడలేదని అర్థం, అది ఎవరి తప్పూ కాదు. అప్పుడు రెండు సిలిండర్ల బండినో, మంచి స్కూటరునో ఆమెను వెనక కూర్చోబెట్టుకుని నడిపి చూసిన తర్వాతే ఎంచుకోండి. ఒరిజినల్ ఈసీయూ, ఒరిజినల్ సైలెన్సర్, అన్ని సర్వీసుల జాబ్‌కార్డులు, మిగిలిన వారంటీతో సహా అమ్మే బండికి, ట్యూనింగ్ చేయించిన బండికంటే కొనేవారు తేలికగా దొరుకుతారు. అమ్మకం ఆలోచన నిజంగానే ఉంటే ఇప్పట్లో దాన్ని ఎవరి లాప్‌టాప్‌కూ తగిలించకపోవడం మంచిది.